అర్జీలో మొదటి సంతకం

మేము ఆఫీసులో గుమాస్తా పని చేయువారము. ఇరవై ఏండ్లుగా ఇతరులు పంపిన అర్జీలు చదివి, నెంబరు వేసి, ఫైలులో చేర్చుటే మా పని. అర్జీ అన్నది ఎట్లు వ్రాయవలెనో మాకు ఒకరు నేర్పనక్కరలేదని అనుకొనేవారము. మా వీధి ఆడువారు ఆ గర్వం అణచినారు. ఆ సంగతితోనే మొదలుపెట్టుతున్నాము.

అది 2017వ సంవత్సరం వేసవి. పెద్ద రోడ్లకు 500 మీటర్ల లోపల సారాయి అంగళ్ళు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఏప్రిల్ మొదలు రోడ్డుమీది అంగళ్ళు మూతపడినవి. మూతపడినవి ఊరక ఉండునా? లోపలి వీధులలో చోటు వెదకసాగినవి. మా వీధి చివర, పిల్లలు బడికి పోవు త్రోవలో, ఒక ఖాళీ గోడౌనుకు అద్దె మాట్లాడుతున్నారని తెలిసినది.

ఆ సాయంకాలం మా ఇంటి నడవలో ఇరవైమంది ఆడువారు వచ్చి కూర్చున్నారు. మా మేనత్త ముందుకు వచ్చి, “సామీ, నీకు అరవంలో బాగా వ్రాయ వచ్చును గదా, కలెక్టరుకు ఒక అర్జీ వ్రాసిపెట్టు” అన్నది. మేము సంతోషంగా రెండు పేజీలు వ్రాశాము. క్రింద సంతకాలకు వరుస నెంబర్లు కూడ వేశాము. మొదటిది సంఘాధ్యక్షులు, రెండవది రిటైరైన హెడ్మాస్టరుగారు, మూడవది మేము. అట్లు పన్నెండు మంది మగవారు. చివరి గీతకు దిగువన “మరియు వీధి మహిళలు” అని చేర్చినాము.

మేనత్త కళ్ళజోడు పెట్టుకొని అంతా చదివినది. “ఇందులో మేమెక్కడ ఉన్నాము?” అన్నది. అడుగున చూపినాము. “త్రాగినవాని పెండ్లాన్ని నేను. త్రాగి త్రాగి ఆయన పోతే ఇద్దరు బిడ్డలను సాకినదాన్ని నేను. మొదటి సంతకం హెడ్మాస్టరుగారిదా? ఆయన ఇంట ఎవరు త్రాగినారప్పా?” అన్నది.

మా దగ్గర జవాబు లేకపోయినది. ఆ కాగితం చించి మరల వ్రాశాము. మొదటి సంతకం ఆమెది.

తరువాత కొన్నాళ్ళు ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. మునుపు ఎవరైనా ఇట్లు అడిగినారా అని లైబ్రరీలో పుస్తకాలు తిరగవేశాము. అడిగినవారు ఉన్నారు. అమెరికాలో ఉన్నారు, మన ఈరోడ్డులోనూ ఉన్నారు, నెల్లూరు జిల్లాలోనూ ఉన్నారు. వారి కథ మన కుటుంబాలవారు తెలుసుకోదగినది.

ఓటు లేనివారి ఆయుధం

అమెరికా అనగానే అక్కడి స్త్రీలకు మొదటినుంచీ అన్ని హక్కులూ ఉండినవని మనలో కొందరు తలచుతారు. నూట డెబ్బై, నూట ఎనభై ఏండ్ల క్రిందటి మాట వేరు. పెండ్లి అయిన స్త్రీకి స్వంత ఆస్తి అన్నది లేదు. ఆమె బట్టలు కుట్టి సంపాదించిన కూలి కూడ చట్టప్రకారం మగనిదే. బిడ్డలమీద అధికారమూ మగనిదే. న్యూయార్కు రాష్ట్రంలో భార్యకు తన ఆస్తిమీద హక్కు 1848లో వచ్చినది. తన కూలిమీద హక్కు రావడానికి 1860 దాకా పట్టినది.

దీనికి తోడు త్రాగుడు. 1830 ప్రాంతంలో ఆ దేశంలో పెద్దవారు తలకు ఏడాదికి సుమారు 7 గాలన్ల శుద్ధ సారాయికి సమానమైన మద్యం త్రాగేవారని చరిత్రకారుల లెక్క. మగడు త్రాగుబోతైతే ఇల్లు మునిగినట్లే. ఆపడానికి భార్యకు చట్టంలో దారి లేదు. మన కోయంబత్తూరు మిల్లు వీధులలో జీతంరోజున గేటు దగ్గర చంకన బిడ్డతో కాచుకొని నిలిచిన ఆడువారిని చూచినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

ఓటు లేనివారికి మిగిలిన దారి అర్జీ ఒక్కటే. 1830ల నుంచి అమెరికా ఆడువారు ఇల్లిల్లు తిరిగి సంతకాలు పోగుచేయసాగినారు. మొదట అవి త్రాగుడుమీద కాదు, బానిసత్వంమీద. నీగ్రోలని పిలువబడిన నల్లజాతివారిని పశువులవలె అమ్ముట మానవలెనని ఆ అర్జీలు అడిగినవి. అర్జీలు కుప్పలుగా వచ్చిపడేసరికి వాటిని చర్చకు తీసుకోరాదని 1836లో వాషింగ్టనులోని ప్రతినిధుల సభ నిబంధన చేసికొన్నది. ఆ నిబంధన 1844 దాకా నిలిచినది. గుమాస్తాలమైన మాకు ఆ పద్ధతి బాగా తెలుసు. అర్జీని త్రోసిపుచ్చడం కంటె విప్పకుండా పెట్టడం సులభం.

దక్షిణ కెరొలినాలో బానిసలను ఏలిన ధనిక కుటుంబంలో పుట్టిన శారా గ్రిమ్కే, ఏంజెలీనా గ్రిమ్కే అను అక్కచెల్లెండ్రు ఆ పాపం కండ్లార చూచి ఇల్లు విడిచి ఉత్తరాదికి వచ్చినారు. ఊరూరా సభలలో మాట్లాడినారు. ఆడది మగవారున్న సభలో మాట్లాడరాదని 1837లో మసాచుసెట్స్ పాదిరీలు బహిరంగంగా మందలించినారు. మరుసటి ఏడాది 1838 ఫిబ్రవరిలో ఏంజెలీనా ఆ రాష్ట్ర శాసనసభ కమిటీ ఎదుటనే నిలిచి, స్త్రీలు సంతకం చేసిన అర్జీల తరఫున మాట్లాడినది. అమెరికాలో శాసనసభ్యుల ఎదుట మాట్లాడిన తొలి స్త్రీ ఆమె అని చెప్పుతారు.

1840లో లండనులో ప్రపంచ బానిసత్వ నిరోధక మహాసభ జరిగినది. అమెరికానుంచి ప్రతినిధిగా వెళ్ళిన లుక్రీషియా మాట్‌కు, ఇతర స్త్రీలకు, సభలో స్థానం ఇవ్వలేదు. పక్కన కూర్చొని వినుటకు మాత్రం అనుమతించినారు. బానిసల విడుదలకొరకు కూడిన సభలోనే ఇట్లు జరిగినది! అక్కడే లుక్రీషియాకు ఎలిజబెత్ స్టాంటన్ అను చిన్నవయసు ఇల్లాలితో స్నేహం కలిసినది. ఎనిమిదేండ్ల పిమ్మట, 1848 జులై 19, 20 తేదీలలో న్యూయార్కు రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్ అను చిన్న ఊరిలో వీరు స్త్రీల హక్కుల సభ జరిపినారు. అక్కడి ప్రకటనమీద 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకాలు చేసినారు. స్త్రీల సంతకాలు ముందు, పురుషులవి తరువాత వేరుగా. ఇది చదివినపుడు మేనత్త మాట మాకు జ్ఞాపకం వచ్చినది.

వినుటకా, మాట్లాడుటకా?

మద్యపానం విషయంలోనూ ఇదే గొడవ. 1852లో న్యూయార్కు రాష్ట్రపు ఆల్బనీ నగరంలో మద్యవర్జన సంఘాల సభ జరుగుతున్నది. సూసన్ ఆంథొనీ అను బడిపంతులమ్మ లేచి మాట్లాడబోయినది. సోదరీమణులను పిలిచినది వినుటకే గాని మాట్లాడుటకు కాదని అధ్యక్షులు కూర్చోబెట్టినారు. ఆమె కూర్చోలేదు, బయటకు నడిచినది. మరికొందరు స్త్రీలు వెంట వెళ్ళినారు. ఆ ఏడే ఆమె, స్టాంటన్ కలిసి స్త్రీలకు ప్రత్యేకంగా మద్యవర్జన సంఘం స్థాపించినారు.

ఈ ఇద్దరే తరువాత అంతర్యుద్ధ కాలంలో, బానిసత్వాన్ని రాజ్యాంగంలోనే రద్దు చేయవలెనని కోరుతూ, సుమారు 4 లక్షల సంతకాలు పోగుచేయించినారు. 1864 ఫిబ్రవరిలో మొదటి లక్ష సంతకాల కాగితపు చుట్టలను ఇద్దరు నల్లజాతి పురుషులు మోసుకొని వచ్చి సెనేటులో పెట్టినారు. సంతకం పెట్టినవారిలో అధికభాగం ఓటు లేని ఆడువారు.

ఇక అంగడి ముందు నిలిచిన సంగతి. 1873 డిసెంబరు 24వ తేదీ, ఒహయో రాష్ట్రంలోని హిల్స్‌బరో అను ఊరు, గడ్డకట్టు చలి. ఎలైజా థాంప్సన్ అను యాభైయేడేండ్ల గృహిణి సుమారు 70 మంది స్త్రీలను వెంటబెట్టుకొని చర్చినుంచి బయలుదేరినది. ఆమె తండ్రి ఒకప్పుడు ఆ రాష్ట్రానికి గవర్నరు, భర్త జడ్జీ. వీరు మద్యం అమ్ము ప్రతి అంగడికి పోయి, ఇక అమ్మనని సంతకం చేయమని అడిగినారు. చేయనివారి గుమ్మం ముందు మోకరించి ప్రార్థన చేసినారు, పాటలు పాడినారు. తిట్టలేదు, రాయి వేయలేదు, కదలలేదు. కొన్ని నెలలలోనే 900 పైచిలుకు ఊళ్ళకు ఆ పద్ధతి ప్రాకినది. 1874 నవంబరులో క్లీవ్‌లండులో క్రైస్తవ స్త్రీల మద్యపాన నిరోధక సంఘం ఏర్పడినది. 1879 నుంచి దాని అధ్యక్షురాలైన ఫ్రాన్సెస్ విల్లర్డు, త్రాగుడు ఆపవలెనంటే ఆడవారికి ఓటు కావలెనని, బడులు, కూలివేళలు, జైళ్ళు అన్నీ స్త్రీల వ్యవహారమేనని చెప్పుచు సంఘాన్ని నడిపినది.

ఇందులో మచ్చ లేదని మేము అనము. దక్షిణ రాష్ట్రాలలో ఆ సంఘం శాఖలు తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు. నల్లజాతి పత్రికా రచయిత్రి ఐడా వెల్స్ 1890లలో విల్లర్డును ఈ విషయమై గట్టిగా నిలదీసినది. ఒక కట్టు తెంచుటకు వచ్చినవారు ఇంకొక కట్టును చూడకపోవుట అన్ని దేశాలలోనూ ఉన్నదే.

ఆ గాలి మన దేశానికి వచ్చిన త్రోవ కూడ చెప్పవలెను. 1886లో పండిత రమాబాయి, అమెరికాలో వైద్యపట్టం పుచ్చుకొన్న ఆనందీబాయి జోషి పట్టప్రదానం చూచుటకు ఫిలడెల్ఫియా వెళ్ళి, 1888 దాకా అక్కడ ఉన్నది. విల్లర్డు సంఘంతో స్నేహం చేసి, స్త్రీలు సంఘాలు నడుపు తీరు చూచి వచ్చి, తన మరాఠీ పుస్తకంలో వ్రాసినది.

మన యిండ్లలో

మన మదురలో రాణి మంగమ్మగారి పేరు తెలియనివారు లేరు. 1689 మొదలు 1706 దాకా మనుమని తరఫున రాజ్యం చేసి, బాటలు వేయించి, సత్రాలు కట్టించిన మహాతల్లి. ఆమెకు సింహాసనం ఉండినది. సింహాసనం లేని ఇల్లాలు ఏమి చేయగలదు?

రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించినపుడు ఊరు వెలివేసినది. వంటవారు రాలేదు, నీళ్ళు తెచ్చువారు రాలేదు. భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుంచి నీళ్ళు మోసి, పెండ్లివారికి వండి పెట్టినారు. ఆ బిందె మోయువారు లేకుంటే ఆ పెండ్లి పందిరి నిలువదు. అయినను మన పాఠ్యపుస్తకాలలో మొదటి సంతకం ఆయనదే.

మన దగ్గరి కథ ఈరోడ్డుది. ఈరోడ్డు 1979 దాకా కోయంబత్తూరు జిల్లాలోనే ఉండినది. 1921లో గాంధీగారు కల్లంగళ్ళ ముందు నిలిచి అడ్డుకొనుమని పిలుపు ఇచ్చినపుడు, అప్పటి కాంగ్రెసు నాయకులు ఈ. వె. రామస్వామి నాయకరుగారు తమ తోటలోని కొబ్బరిచెట్లను వందలకొలది కొట్టించినారు. ఇంటిమాట కన్నడమని ఆయన చెప్పుకొన్నను, మన నాయుళ్ళు ఆ కుటుంబాన్ని పరాయిగా తలచినది లేదు. ఆ ఏడు నవంబరులో ఆయనను జైలులో పెట్టినారు. మగవారు జైలుకు పోగానే పికెటింగు ఆగునని సర్కారు తలచినది. ఆయన భార్య నాగమ్మగారు, చెల్లెలు కణ్ణమ్మగారు అంగడి ముందుకు వచ్చి నిలిచినారు. పెద్దింటి ఆడువారు వీధిలో నిలువగా చూచి మరి ఎందరో వచ్చి చేరినారు.

1922 మొదట బొంబాయిలో రాజీ మాటలు జరిగినపుడు, పికెటింగు నిలిపివేయుమని కోరినవారితో గాంధీగారు, అది తన చేతిలో లేదు, ఈరోడ్డులోని ఇద్దరు స్త్రీల చేతిలో ఉన్నది, వారిని అడుగవలెను అన్నారని మన ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకొంటారు. 1924లో వైక్కంలో గుడిచుట్టు వీధులలో అన్ని కులాలవారూ నడవవలెనని సత్యాగ్రహం జరిగినపుడు నాగమ్మగారు, కణ్ణమ్మగారు అక్కడకూ పోయినారు. 1933 మేనెలలో నాగమ్మగారు కన్నుమూసినారు. ఆ ఏడే కుడియరసు పత్రికలో ఒక వ్యాసం వచ్చినందుకు, ప్రకాశకురాలుగా కణ్ణమ్మగారికి జైలుశిక్ష పడినది.

ఇంకొక సంగతి గమనించవలెను. అమెరికా స్త్రీలకు దేశమంతటా ఓటు 1920లో వచ్చినది. మన మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇచ్చుటకు 1921లో తీర్మానించినది. ఆస్తి మొదలైన నిబంధనలు ఉండుటచేత అది కొద్దిమందికే దక్కినది. అయినను ఈరోడ్డు ఆడువారు వీధిలో నిలిచినది ఆ ఏడే.

చట్టం పోయినా మిగిలినది

చట్టాల సంగతి చూస్తే మనసుకు కొంత దిగులు కలుగును. అమెరికాలో 1920 జనవరిలో మద్యనిషేధం అమలైనది. దొంగసారాయి, ముఠాలు, లంచాలు పెరిగి 1933 డిసెంబరులో రద్దయినది. రద్దు కోరినవారిలోనూ స్త్రీలు ముందు నిలిచినారు. 1929లో పాలీన్ సాబిన్ అనునామె అందుకొరకే స్త్రీల సంఘం పెట్టినది. మన రాజధానిలో 1937 అక్టోబరు 1న సేలం జిల్లాతో మొదలై, 1948కి అంతటా వచ్చిన నిషేధం తమిళనాడులో 1971లో ఎత్తివేయబడినది. మరల పెట్టి, 1981లో మరల ఎత్తివేసినారు. 1971లో కల్లంగడి తెరచిన నాడు మా అవ్వ పొయ్యి వెలిగించలేదట. “ఇంటిలో పిడుగు పడిననాడు ఎవరమ్మా వంట చేసేది?” అనేది.

అయితే అంతా పోయినదా? నెల్లూరు జిల్లా దూబగుంట చూడండి. 1990 తరువాత అక్కడ అక్షరదీపం తరగతులు రాత్రిపూట నడిచినవి. చదువు పుస్తకంలో సీతమ్మ కథ అను పాఠం ఉండినది, త్రాగుబోతు మగనివల్ల బాధపడిన ఇల్లాలి కథ. అక్షరాలు కూడబలుక్కొని చదివిన కూలి ఆడువారు, ఇది మా కథే గదా అనుకొన్నారు. 1992లో దూబగుంట స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మొదలైనవారు ముందుండి, ఊరిలోని సారా అంగడి మూయించినారు. ఆ సంగతి “ఆడవాళ్ళు ఏకమైతే” అను పాఠంగా అచ్చయి ఇతర ఊళ్ళు చదివినవి. జిల్లా అంతటా ఆడువారు సారా వేలంపాటలను అడ్డుకొన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చినది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయినది. నిజమే. కాని అదే జిల్లాలో ఆ ఆడువారే రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపులక్ష్మి సంఘాలు మొదలుపెట్టినారు. సారాకు పోయే రూపాయి ఇంటికి వచ్చినది. ఆ రూపాయికి లెక్క వ్రాయుట ఆమె నేర్చుకొన్నది.

మేము చెప్పదలచినది ఇంతే. అంగడి మూయించుటకు పోయిన స్త్రీ, అంగడి మరల తెరచుకొన్నను, పోయినప్పటివలె తిరిగి రాలేదు. ఏంజెలీనా మొదలు దూబగుంట రోశమ్మ దాకా అందరూ వేరొకరి మేలుకొరకు, బిడ్డలకొరకు, బానిసలకొరకు బయలుదేరి, మాట్లాడుట అన్నది తమకూ హక్కే అని త్రోవలో తెలుసుకొన్నారు. వీరిని ఆపినవారందరూ శత్రువులు కారు. సంస్కరణ సభలలోని అధ్యక్షులే, మావంటి మంచి గుమాస్తాలే, “మరియు మహిళలు” అని చివర వ్రాసినవారే.

మా వీధి సంగతి ముగించవలెను. మేనత్త, ఇంకొక 19 మంది అర్జీ తీసికొని సోమవారం కలెక్టరు ఆఫీసుకు పోయినారు. మేము సెలవు పెట్టి వెంట పోయినాము, కాని వాకిట నిలిచినాము. లోపల మేనత్తే మాట్లాడినది. ఆ గోడౌనులో అంగడి రాలేదు. అర్జీవల్లనో, అద్దె కుదరకనో మాకు తెలియదు. రెండు మైళ్ళ అవతల వేరొక వీధిలో తెరచినారని తరువాత విన్నాము. ఆ వీధి ఆడువారు అర్జీకి ఎవరిని అడుగవలెనని విచారించుచు మేనత్త దగ్గరకు వచ్చినారు, మా దగ్గరకు కాదు. “వ్రాయడానికి మా సామి ఉన్నాడు. చెప్పవలసినది మీరే” అని ఆమె అన్నదట.

మన సంఘం వార్షిక సభకు ఆడువారు వంద మందికి తక్కువ కాకుండ వస్తారు. వంట పర్యవేక్షణ, కోలాటం, వందన సమర్పణకు ముందు హారతి, ఇవన్నీ వారివే. తీర్మానాల పుస్తకంలో గడచిన పదేండ్ల సంతకాలు మేము మొన్న తిరగవేసి చూచినాము. ప్రతిపాదించినవారు, బలపరచినవారు అందరూ మగవారే. ఈ ఏడు ఆ పుస్తకం మొదట ఆడువారి వరుసకు పంపుదామని కార్యదర్శిగారికి ఒక చీటీ వ్రాసి ఇచ్చినాము. దానిమీద మొదటి సంతకం మా ఇంటావిడది. రెండవది మాది.